చట్టంలో పద్దెనిమిది, బూత్‌లో ఇరవైన్నర: ఓటు వయసు పదహారుకు దించితే?

2006 ఏప్రిల్ 1న పుట్టిన అమ్మాయి ఒకరు, ఆ మర్నాడు పుట్టిన అబ్బాయి ఒకరు. ఇద్దరిదీ ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఊరు అనుకుందాం. 2024 మే 13న అక్కడ శాసనసభకూ లోక్‌సభకూ కలిపి ఒకేరోజు పోలింగ్ జరిగింది. జాబితాలో పేరు ఎక్కించుకుని ఉంటే అమ్మాయి రెండు ఓట్లూ వేసి వచ్చేది. అబ్బాయికి ఆ రోజుకు పద్దెనిమిది నిండి నలభై ఒక్క రోజులు. అయినా ఓటు లేదు. ఆ ఎన్నికకు లెక్కలోకి తీసుకున్న ఆఖరి అర్హత తేదీ, అంటే పద్దెనిమిది నిండి ఉండాల్సిన రోజు, ఏప్రిల్ 1 కావడమే కారణం. సభలు ఐదేళ్లూ నిండుగా నడిస్తే అతను ఎమ్మెల్యేకీ ఎంపీకీ మొదటి ఓటు వేసేది 2029లో. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు.

ఓటు వయసు పదహారుకు దించాలా వద్దా అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి "పదహారేళ్ల పిల్లలకు ఏం తెలుసు?" అన్న ప్రశ్న దగ్గరికే చేరుతుంది. అడగదగ్గ ప్రశ్నే. అయితే అంతకన్నా ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. పుట్టినరోజులు ఏడాది పొడవునా వస్తాయి, ఎన్నికలు ఐదేళ్లకోసారి వస్తాయి. కాబట్టి చట్టంలో పద్దెనిమిది అని రాసుకున్నా, లోక్‌సభకు మొదటి ఓటు పద్దెనిమిదికీ ఇరవై మూడుకీ మధ్య ఎక్కడో పడుతుంది. సగటు తీస్తే ఇరవైన్నర. పదహారు అని రాసుకుంటే ఆ సగటు పద్దెనిమిదిన్నరకు దిగుతుంది. పదహారు అనగానే మీసం రాని కుర్రాళ్లు బూత్ ముందు బారులు తీరినట్టు ఊహించుకునేవాళ్లు ఈ సంగతి గమనించరు. ఆ మార్పు వచ్చినా మొదటి ఓటు వేసేవాళ్లలో ఎక్కువమంది పద్దెనిమిది దాటినవాళ్లే ఉంటారు.

ఎన్నికల క్యాలెండరు కూడా ఈ సగటును పైకీ కిందికీ జరుపుతుంది. తమిళనాడులో శాసనసభ ఎన్నికలు 2021లో, లోక్‌సభ 2024లో, మళ్లీ శాసనసభ 2026లో. సరిహద్దుకు అవతలివైపు పుట్టి ఉంటే పై అబ్బాయి రెండేళ్లు ఆగితే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నుంచి ప్రతిసారీ రెండు ఎన్నికలూ ఒకేసారి వస్తున్నాయి కాబట్టి తప్పిపోయినవాళ్లకు రెండూ తప్పిపోతాయి. తెలంగాణలో శాసనసభ 2023 నవంబరులో, లోక్‌సభ 2024 మేలో. మధ్య ఎడం ఆరు నెలలు కూడా లేదు. దేశమంతటా ఒకేసారి ఎన్నికలు జరపాలన్న 129వ సవరణ బిల్లు 2024 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చి సంయుక్త కమిటీకి వెళ్లింది. దాని మీద ఖర్చు గురించి, ఫెడరల్ స్వభావం గురించి చాలా చర్చ నడిచింది. మొదటి ఓటు వయసును అది దేశమంతటా ఆంధ్రప్రదేశ్ స్థాయికి తీసుకెళ్తుందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరి నోటా రాలేదు.

ఇరవై ఒకటి ఎలా దిగింది

రాజ్యాంగం 326వ అధికరణం వయోజన ఓటు హక్కు ఇచ్చినప్పుడు పెట్టిన వయసు ఇరవై ఒకటి. బ్రిటన్‌లో అప్పుడున్నదీ అదే. బ్రిటన్ 1969లో పద్దెనిమిదికి దిగింది. వియత్నాం యుద్ధానికి పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను పంపుతూ ఓటు మాత్రం ఇవ్వకపోవడం ఏమిటన్న నిలదీత తీవ్రమై, 1971లో అమెరికా కూడా 26వ రాజ్యాంగ సవరణతో అదే దారి పట్టింది. ఇక్కడ జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఎన్నికల సంస్కరణలపై ఏర్పడ్డ తార్కుండే కమిటీ 1975లోనే పద్దెనిమిది చేయమంది. రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1988 డిసెంబరు 13న బిల్లు పెట్టింది. 15న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు సరేనన్నాక 1989 మార్చి 28న రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ ఆమోదంతో అమల్లోకి వచ్చింది. బిల్లుగా ఉన్నప్పుడు 62వది, చట్టమయ్యాక 61వది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు తడబడేది ఇక్కడే.

ఆ బిల్లు ఉద్దేశాల ప్రకటన చాలా చిన్నది. అందులో ఈనాటి చర్చకు పనికొచ్చే మాట ఒకటి ఉంది: దేశంలో కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు స్థానిక సంస్థల ఎన్నికలకు అప్పటికే పద్దెనిమిదేళ్లను ఓటు వయసుగా పెట్టుకున్నాయి అని. అంటే ఢిల్లీ మొదలుపెట్టిన పని కాదది. ముందు పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో జరిగి, కొంపలేమీ మునగలేదని తేలాక పార్లమెంటు దాకా వచ్చింది. పదహారు గురించి ఆలోచించేవాళ్లు పట్టుకోవాల్సిన దారి ఇదే.

కొత్త ఓటర్లతో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నిక 1989 నవంబరుది. ఓటర్ల సంఖ్య 49.89 కోట్లకు చేరింది. పోలింగ్ శాతం 1984తో పోలిస్తే కొంచెం తగ్గి దాదాపు 62 అయింది గానీ, బూత్‌కు వచ్చినవాళ్ల సంఖ్య కోట్లలో పెరిగింది. ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగినప్పుడు శాతం జారడం మామూలే. ఇక ఓటు ఇచ్చినవాళ్లకే కుర్రకారు ఓట్లు పడతాయన్న లెక్క సంగతి: కేంద్రంలో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఓడింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఓడి కాంగ్రెస్ 181 సీట్లతో గద్దెనెక్కింది, 42 లోక్‌సభ స్థానాల్లో 39 గెలుచుకుంది. ఒకే చట్టం కింద ఓటు వచ్చిన ఒకే వయసు పిల్లలు, రెండు చోట్లా రెండు రకాల ఫలితాలు. వయసు తగ్గిస్తే ఫలానా పార్టీకి లాభం అని చెప్పేవాళ్ల జోస్యాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూడాలి.

పదహారుకు దించాలంటే చట్టంలో ఏం మారాలి

లోక్‌సభకూ శాసనసభకూ అయితే దారి పొడవైనది. 326వ అధికరణంలో వయసు నేరుగా రాసి ఉంది కాబట్టి మామూలు చట్టంతో కుదరదు. 368వ అధికరణం ప్రకారం ఒక్కో సభలో మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. 1989లో లాగే సగం రాష్ట్రాల సమ్మతి కూడా కావాలంటే ఇవాళ్టి 28 రాష్ట్రాల్లో 14 ఒప్పుకోవాలి. తర్వాత 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ మారాలి. దాని వెంట 1960 ఓటర్ల నమోదు నియమాలు, ఫారాలు మారాలి.

పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఈ చిక్కు లేదు. 326వ అధికరణం లోక్‌సభ, రాష్ట్ర శాసనసభల గురించే మాట్లాడుతుంది. పంచాయతీ ఎన్నికలకు సంబంధించిన విషయాలపై చట్టం చేసే అధికారాన్ని 243-కె రాష్ట్ర శాసనసభకు ఇచ్చింది; మున్సిపాలిటీలకు అదే పని 243-జడ్‌ఏ చేస్తుంది. పోటీ చేసేవాళ్ల వయసు ఇరవై ఒకటి అని రాజ్యాంగం స్థానిక సంస్థలకు కూడా చెప్పింది గానీ, ఓటరు వయసు ఇంత అని వేరే చెప్పలేదు. ఇప్పుడు పద్దెనిమిది ఎందుకు నడుస్తోందంటే, రాష్ట్రాలు తమ పంచాయతీ జాబితాను శాసనసభ జాబితా నుంచే తీసుకుంటున్నాయి కాబట్టి. ఆ లంకెను రాష్ట్రం సడలించుకోవచ్చనే వాదనకు 1989కి ముందటి అనుభవం బలమైన ఆధారం. కోర్టులో సవాలు తప్పదు, అది వేరే సంగతి.

తెలివి, తొందర, ఇంటి పెద్ద

వయసు వాదనలో మనస్తత్వ శాస్త్రం చెప్పేది తేలిగ్గా కొట్టేయడానికి లేదు. ఆలోచన రెండు రకాలు. తొందర లేకుండా, సమాచారం ముందు పెట్టుకుని ఆచితూచి తేల్చుకునేది ఒకటి. స్నేహితుల మధ్య, ఉద్రేకంలో, అప్పటికప్పుడు తేల్చేది రెండోది. మొదటి రకంలో పదహారేళ్లవాళ్లు దాదాపు పెద్దవాళ్లతో సమానం. రెండో దానిలో ఇరవై దాటేదాకా వెనకబడే ఉంటారు. ఓటు మొదటి రకం పని: అభ్యర్థులు ఎవరో వారాల ముందే తెలుస్తుంది, బూత్‌లో ఎవరూ పక్కన ఉండరు. బండి నడపడం, గొడవలో దూరడం రెండో రకం. అందుకే పదహారేళ్లవాడికి బండి ఇవ్వకపోవడం, ఓటు ఇవ్వడం ఒకదానికొకటి విరుద్ధం కావు. మన చట్టం దీన్ని తలకిందులుగా కూడా చేసింది: 50 సీసీ లోపు గేర్లు లేని బండికి పదహారేళ్లకే లైసెన్సు ఇస్తుంది. పదహారు దాటినవాడు ఘోర నేరం చేస్తే, బోర్డు ప్రాథమికంగా అంచనా వేశాక పెద్దవాళ్లతో సమానంగా విచారించవచ్చని 2015 బాలల న్యాయ చట్టం చెబుతుంది. మరోవైపు ఒప్పందాలకు, ఆస్తికి, అమ్మాయిల పెళ్లికి, పోక్సోకు గీత పద్దెనిమిది దగ్గరే. చట్టాల్లో పొంతన వెతికి దాన్నిబట్టి ఓటు వయసు తేల్చాలనుకుంటే ఎటూ తేలదు.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంటి పెద్ద గురించి. తెలుగు ఊళ్లలో "మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?" అని అడుగుతారు. ఓటును మనిషికి కాక ఇంటికి కట్టి చూసే అలవాటు ఆ ప్రశ్నలోనే ఉంది. పోలింగ్ ముందు రాత్రి డబ్బు పంచేవాళ్ల చిట్టాలోనూ లెక్క ఇంటి పేరు మీదే ఉంటుంది, కవరు ఇంటి పెద్ద చేతికి వెళ్తుంది. పదహారేళ్ల పిల్లలను కలిపితే చాలా ఇళ్లలో చిట్టాలో ఒక అంకె పెరుగుతుంది, అంతే, అంటారు వ్యతిరేకించేవాళ్లు. ఇందులో నిజం ఉంది. కాకపోతే డెబ్భై ఏళ్ల అవ్వ ఓటు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి ఓటు కూడా అదే చిట్టాలో ఉన్నాయి. వాళ్ల ఓటు తీసేయమని ఎవరూ అనరు. స్కాట్లండ్‌లో పదహారేళ్లవాళ్లకూ ఓటిచ్చిన 2014 స్వాతంత్ర్య రెఫరెండానికి ముందు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ కలిపి అడిగిన సర్వేలో నూటికి నలభైమందికి పైగా పిల్లలు తమ తల్లి లేదా తండ్రి ఉద్దేశానికి భిన్నంగా చెప్పారు. మన దగ్గర అంత తేడా ఉంటుందని ఆశించలేం. కానీ రహస్య ఓటు ఉన్నచోట ఇంటి పెద్ద మాట చెల్లేది గడప వరకే.

ఇతర దేశాల్లో ఏం జరిగింది

పదహారును జాతీయ ఎన్నికలకు తెచ్చిన దేశాల్లో ఎక్కువగా అధ్యయనం జరిగింది ఆస్ట్రియాలో. అక్కడ కూడా ముందు కొన్ని రాష్ట్రాలు స్థానిక ఎన్నికలకు దించాయి, 2007లో దేశమంతటికీ వచ్చింది, 2008 పార్లమెంటు ఎన్నికల్లో మొదటిసారి అమలైంది. అక్కడి నగరాలైన వియన్నా 2010, క్రెమ్స్ 2012 ఎన్నికల్లో ఎవరు వచ్చి ఓటేశారో జాబితాల నుంచే తీసి చూస్తే, పదహారు పదిహేడేళ్లవాళ్లు పద్దెనిమిది నుంచి ఇరవై మధ్యవాళ్ల కన్నా ఎక్కువ శాతం వచ్చారు. స్కాట్లండ్ రెఫరెండం తర్వాత అక్కడి ఎన్నికల సంఘం సర్వేలో పదహారు పదిహేడేళ్లవాళ్లలో 75 శాతం ఓటేశామన్నారు, పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు వాళ్లలో 54 శాతం. 2015లో స్కాట్లండ్ పార్లమెంటు ఎన్నికలకు దీన్ని శాశ్వతం చేశారు. 2025 జులైలో బ్రిటన్ ప్రభుత్వం మొత్తం దేశానికి తెస్తామని ప్రకటించింది. బ్రెజిల్ 1988 రాజ్యాంగం నుంచీ పదహారు, పదిహేడు ఏళ్లవాళ్లకు ఓటు ఐచ్ఛికం, పద్దెనిమిది నుంచి తప్పనిసరి.

ఆస్ట్రియా ఫలితానికి అక్కడివాళ్లు చెప్పే కారణం తేలికైనదే. పదహారేళ్లప్పుడు పిల్లలు ఇంట్లో ఉంటారు, బడిలో పౌరశాస్త్రం నడుస్తుంటుంది, అమ్మానాన్నతో కలిసి బూత్‌కు వెళ్తారు. పద్దెనిమిది దాటాక చదువుకో పనికో వేరే ఊరు పోతారు; చిరునామా మారుతుంది, ఓటు సంగతి మరుగున పడుతుంది. మొదటి ఓటు ఇంట్లో ఉండగానే పడితే అలవాటు నిలుస్తుంది.

ఈ కారణాన్ని తెలుగు రాష్ట్రాలకు ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే బోల్తా పడతాం. ఇక్కడ పిల్లలు ఇల్లు వదిలేది పద్దెనిమిదికి కాదు, పదిహేను పదహారుకే. పదో తరగతి ఫలితాలు రాగానే విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ శివార్లలోని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకు, గురుకులాలకు వెళ్లిపోతారు. పదహారు పదిహేడు అంటే ఇంటర్ రెండేళ్లు. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. ఆ తర్వాత జేఈఈ, నీట్, ఈఏపీసెట్. 2024లో నీట్ మే 5న, పోలింగ్ మే 13న, ఈఏపీసెట్ రెండు రాష్ట్రాల్లోనూ అదే నెలలో. ఆ వారం కాలేజీ గేటు దాటి ఊరికి వెళ్లి ఓటేసి రమ్మంటే ఎంతమందిని పంపుతారన్నది తల్లిదండ్రులకు తెలిసిందే. ఊళ్లో ఉండి ప్రభుత్వ కాలేజీలో చదివేవాళ్లకు, చదువు ఆపేసి పనిలో చేరినవాళ్లకు మాత్రం ఆస్ట్రియా కారణం ఇక్కడా వర్తిస్తుంది. అంటే పదహారు వల్ల పెరిగే ఓట్లు హాస్టల్ పిల్లలవి కాక ఊళ్లో మిగిలిన పిల్లలవే ఎక్కువ అవుతాయి. అది చెడ్డదేమీ కాదు, తెలిసి చేయాలంతే.

మలేసియా అనుభవం ఇంకా దగ్గరిది. తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్న దేశం అది. ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దించే సవరణ 2019 జులైలో దిగువ సభలో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది. అమలు వాయిదా పడుతూ పోతే యువకులు కోర్టుకెక్కారు. చివరికి 2021 డిసెంబరు 15న అమల్లోకి వచ్చింది. ఆ సవరణలో అసలు బలం వయసులో లేదు. ఓటరుగా నమోదు చేసుకోవాల్సిన అవసరమే లేకుండా, వయసు నిండగానే ప్రభుత్వమే పేరు ఎక్కించేలా మార్చారు. 2018లో కోటీ యాభై లక్షల లోపున్న ఓటర్లు 2022 నవంబరు ఎన్నికకు రెండు కోట్ల పది లక్షలు దాటారు.

పేరు ఎక్కకపోతే వయసెంతైనా ఒకటే

మన దగ్గర బొక్క పడేది సరిగ్గా ఇక్కడ. 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు పద్దెనిమిది, పంతొమ్మిది ఏళ్లవాళ్లలో జాబితాకెక్కినవాళ్లు దాదాపు 1.8 కోట్లు. జనాభా అంచనాల ప్రకారం ఆ వయసువాళ్లు ఐదు కోట్లకు దగ్గర. అంటే పదిమందిలో నలుగురైనా ఎక్కలేదు. తెలంగాణ మూడింట రెండు వంతులతో అందరికన్నా ముందుంది. బీహార్‌లో ఐదింట ఒక వంతు కూడా లేదు. పద్దెనిమిదేళ్లవాళ్లనే ఎక్కించలేని యంత్రాంగానికి పదహారేళ్లవాళ్లను అప్పజెబితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

2022 ఆగస్టు దాకా అర్హత తేదీ ఏడాదికి ఒక్కటే, జనవరి 1. జనవరి 2న పుట్టినవాళ్లు దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. పదిహేడు నిండినవాళ్లు కొత్త ఓటరు దరఖాస్తు అయిన ఫారం-6 ముందుగానే ఇచ్చి ఉంచవచ్చు. పద్దెనిమిది నిండిన త్రైమాసికంలో పేరు చేరుతుంది. 2008 ఆగస్టు 15న పుట్టినవాళ్లకు అర్హత తేదీ 2026 అక్టోబరు 1. వయసుకు పదో తరగతి మెమో, పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు లాంటి వాటిలో ఏదో ఒకటి చాలు. చిరునామా రుజువు తల్లిదండ్రుల పేరు మీదున్నా సరిపోతుంది, వాళ్ల ఓటరు కార్డు నంబరు కూడా రాస్తే బూత్ స్థాయి అధికారి అయిన బీఎల్‌వోకు ఇల్లు పట్టుకోవడం తేలిక. హాస్టల్లో ఉండేవాళ్లు ఊరి చిరునామాతో గానీ, కాలేజీ ఇచ్చే ధ్రువీకరణతో హాస్టల్ చిరునామాతో గానీ నమోదు కావచ్చు. రెండు చోట్లా కుదరదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

దరఖాస్తు తిరగ్గొట్టుకొచ్చే కారణాలు ఎప్పుడూ అవే. మెమోలో ఒక పుట్టినతేదీ, ఆధార్‌లో ఇంకొకటి. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన జూన్ పుట్టినరోజులు ఇంకా పూర్తిగా పోలేదు. బీఎల్‌వో వచ్చినప్పుడు ఇంటికి తాళం. ఇంటి నంబరు పాతది. కొందరికి కార్డు చేతిలో ఉంటుంది, జాబితాలో పేరు ఉండదు; ఓటు ఇచ్చేది జాబితా, కార్డు కాదు. ఇంకొకటి గడువు. నామినేషన్ల ఆఖరి రోజు తర్వాత జాబితాలో మార్పులు చేయకూడదు, దానికి ముందు అభ్యంతరాలకు ఏడు రోజులు ఇవ్వాలి కాబట్టి నామినేషన్లు ముగియడానికి పది రోజుల ముందే దరఖాస్తు పడాలి. 2024లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నామినేషన్లు ఏప్రిల్ 25న ముగిశాయి, ఫారం-6 గడువు ఏప్రిల్ 15. పోలింగ్‌కు ఇంకా నాలుగు వారాలు ఉంది కదా అనుకున్నవాళ్లు అక్కడే మునిగారు.

దీనికి మించినది 2021లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలను ఆ ఫిబ్రవరిలో నాలుగు దశల్లో 2019 జాబితాతోనే జరిపారు. 2021 జాబితా ప్రకారం పంచాయతీ జాబితాలు సిద్ధం కాలేదు. దీనివల్ల సుమారు 3.6 లక్షల మంది కొత్త ఓటర్లు హక్కు కోల్పోతున్నారని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమారే బహిరంగంగా చెప్పారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లినా ఎన్నికలు పాత జాబితాతోనే నడిచాయి. రాజ్యాంగం ఇచ్చిన వయసును ఏ సవరణా లేకుండా, ఒక శాఖ జాబితా తయారు చేయకపోవడం వల్ల ఆచరణలో ఇరవైకి పెంచినట్టయింది.

పంచాయతీలో మొదలుపెడితే

ఏదైనా రాష్ట్రం స్థానిక సంస్థలకు పదహారు పెట్టాలనుకుంటే అంకె మార్చడం ఒక్క వాక్యం పని. మిగతాదంతా జాబితా పనే. శాసనసభ జాబితాలో పదహారేళ్లవాళ్లు ఉండరు కాబట్టి రాష్ట్ర ఎన్నికల సంఘం వాళ్లకు అనుబంధ జాబితా వేరుగా తయారు చేయాలి. ఫారాలు నింపమని పిల్లలను అడగకుండా, పదో తరగతి బోర్డు వివరాల నుంచి పేర్లు తీసి, ఆంధ్రలో గ్రామ సచివాలయం, తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి ఇంటింటికీ సరిచూసి ఎక్కించడమే సరైన పద్ధతి. పదో తరగతి రాయని పిల్లలు ఇందులో జారిపోతారు. వాళ్ల కోసమే ఇంటింటి తనిఖీ.

నివాసం విషయంలో హాస్టల్ చిరునామా ఒప్పుకోకూడదు. వెయ్యి జనాభా ఉన్న పంచాయతీలో పదహారు పదిహేడేళ్లవాళ్లు ముప్పై మంది చుట్టూ ఉంటారు. సర్పంచ్ ఎన్నికలు పది ఇరవై ఓట్ల తేడాతో తేలే చోట అదే పెద్ద సంఖ్య. అలాంటి ఊరి పొలిమేరలో వెయ్యి మంది పిల్లల క్యాంపస్ ఉంటే, వాళ్లను అక్కడ నమోదు చేస్తే, ఊరికి సర్పంచ్‌ను కాలేజీ ఎన్నుకుంటుంది. తల్లిదండ్రులు ఉన్న ఊరే పిల్లల ఊరు అని చట్టంలోనే రాయాలి. అప్పుడు పోలింగ్ రోజు హాస్టళ్లకు సెలవు, ముందు రోజు ప్రయాణం కూడా రాయాలి. తెలంగాణ పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో మూడు దశల్లో కాలేజీలు నడుస్తున్న రోజుల్లోనే జరిగాయి.

ఓటరు జాబితాలో పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వయసు అందరికీ కనపడేలా గోడకు అంటిస్తారు. మైనర్ల వివరాలు అలా పెట్టడం సరికాదు. స్కాట్లండ్‌లో పదహారు నిండకముందే నమోదైన పిల్లల పేర్లు బయటి జాబితాలో చూపరు. ఇక్కడ కనీసం వయసు, పుట్టినతేదీ తీసేసి ప్రచురించవచ్చు. పార్టీల సంగతి ఇంకా చిక్కు: 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిది లోపువాళ్లను పిల్లలుగానే చూస్తుంది, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయడాన్ని, వాళ్ల నడతను ఆన్‌లైన్‌లో వెంబడించడాన్ని నిషేధిస్తుంది. ఓటరే గానీ ఫోన్‌లో వెంటపడకూడని ఓటరు. పిల్లలను ప్రచార పనికి వాడుకోవద్దని 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం గట్టిగా చెప్పింది కూడా. పదహారేళ్ల ఓటరు తన అభ్యర్థి కోసం జెండా పట్టుకోవచ్చా అన్నది ఆ ఆదేశం తిరగరాయకుండా తేలదు. రహస్యంగా వేయడం మాత్రం తేలిక: తెలుగు రాష్ట్రాల పంచాయతీల్లో ఇంకా కాగితపు బ్యాలెట్లే, తెలంగాణలో 2025లో సర్పంచ్‌కు గులాబీ రంగుది, వార్డు సభ్యుడికి తెల్లది.

ఖర్చు భయం అక్కర్లేదు. రేపు దేశమంతటా పదహారు వచ్చినా రెండు వయసుల వాళ్లు కలిపి నాలుగున్నర నుంచి ఐదు కోట్లు. 2024లో ఉన్న పదిన్నర లక్షల బూత్‌లకు పంచితే బూత్‌కు నలభై అయిదు మంది చొప్పున.

ఎవరూ అడగని ఒక పర్యవసానం మిగిలింది. పంచాయతీ జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ 243వ అధికరణం ప్రకారం గ్రామసభ సభ్యులే. పదహారేళ్లకు ఓటు ఇస్తే గ్రామసభలో కూర్చుని లబ్ధిదారుల జాబితా మీద, ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ మీద నిలదీసే హక్కు కూడా వస్తుంది. సర్పంచ్‌లు, కార్యదర్శులు ఓటు కన్నా దీనికే ఎక్కువ జంకుతారు. మస్టరు రోల్‌లో తండ్రి పేరు పక్కన పడ్డ రోజులు ఎన్నో చదవగలిగేది చాలా ఇళ్లలో ఇంటర్ చదివే పిల్లలే. అయితే ఆ హక్కు వాడాలంటే ముందు పంచాయతీ ఉండాలి. పంచాయతీ ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు జరపాలని 243-ఇ అధికరణం అంటుంది. 2018 ఆగస్టులో ముగిసిన ఆంధ్ర పంచాయతీలకు ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో, 2024 ఫిబ్రవరి ఒకటిన ముగిసిన తెలంగాణ పంచాయతీలకు 2025 డిసెంబరులో జరిగాయి. ఆంధ్రలో రెండున్నరేళ్లు, తెలంగాణలో రెండేళ్లకు దగ్గర, ప్రత్యేకాధికారుల పాలన. పదహారుకు దించినందువల్ల కలిసొచ్చే రెండేళ్లను ఒక్క వాయిదా మింగేస్తుంది.